తడీ పొడీ

కోఠీలో జహీర్ సాబ్ దుకాణంలో
సబ్బుపెట్టె అంత ఉంది అది.
మూడు చెవులు, కాలితో తొక్కే ఒక మీట,
గీతల్లో ఎండిపోయిన ఎవరి చెప్పుదో పాత బురద.
"దీంట్ల రూమున్నది, హాలున్నది, ప్లేటున్నది,
స్ప్రింగున్నది. గుడి ఒక్కటే లేదమ్మా" అన్నాడు.
ఒక చెవికి అటు డ్రై, ఇటు వెట్.
అదేమిటన్నాను.
"పొడి, తడి. చెత్త బండి పాట రోజూ ఇంటలేవా?
గట్లనే. ఎంత తడో, ఎంత పొడో నువ్వే చూస్కోవాలె."

రెండువేల ఎనిమిది వందలకి
గోడల్లేని గదిని
పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు.

మా నల్లకుంట ఇంట్లో ముందుగది
చేబదులు తీసుకున్న బంధువులాంటిది,
ఏదీ తిరిగివ్వదు.
మంచం మీద మడవని బట్టలు, గోడకి చుట్టాల పరుపులు,
అటక నిండా తమ్ముడి ఇంజనీరింగు పుస్తకాలు
అన్నీ కలిసి స్వరాన్ని మింగి మూతి తుడుచుకునేవి.
పనసకర్ర కుండకి మైనంతో అతికించిన పికప్
వీణని డబ్బాలో గులకరాయి చేసి వినిపించేది.

మొదటి రాత్రి చెవిని పూర్తిగా తడివైపు మెలేశాను.
ఒక్క మంద్ర పంచమం
వరండా దాటి, ఫీవరాస్పత్రి గోడ దాటి
ఇంకా ఎటో నడుచుకుంటూ పోయింది.
పొగరొచ్చింది, నిజం చెప్పాలి.

తర్వాత గౌళ ఎత్తుకున్నాను.
వంగి దిగుతున్న రిషభమూ
ఇంకా లేచి వెళ్ళని షడ్జమమూ
ఒకే మెట్టు మీద ఢీకొన్నాయి.
గమకం తోక మీద గమకం పడి
వానలో ఉత్తరమైపోయింది రాగం.

బంజారాహిల్స్ కాఫీ హోటల్లో కచేరీ.
ఘటం దేవదానం మధ్యలో వంగి
"నీ తోకలో నా దెబ్బ చిక్కుకుంటోందక్కా,
కొంచెం ఆరబెట్టు" అన్నాడు.
అక్కడ నేలంతా పాలరాయి, గోడంతా గాజు.
హాల్లో ఇంకో హాలు తెచ్చిపెట్టాను నేను,
గొడుగు కింద గొడుగు పట్టినట్టు.

అప్పట్నుంచి వెనక్కే తిప్పుతున్నాను.
గడియారం ముల్లు రెండు, పన్నెండు, పది.
ఇప్పుడు ఎనిమిదిన్నర.
ఉన్నట్టు తెలియకూడదు,
లేకపోతే తెలియాలి,
చారులో ఇంగువలా.

మొన్న జూన్‌లో ఇల్లు ఖాళీ చేశాం.
రంగుల పేరు చెప్పి అడ్వాన్సులో ఒక నెల
కోసుకుంటానన్నారు ఓనరు నరహరిగారు.
మంచం దిగింది, బీరువా దిగింది,
పరుపులు, పుస్తకాలు, దేవుడి పటాలు.
'వంటిల్లు, జాగ్రత్త' అని రాసిన అట్టపెట్టెలో
పప్పుడబ్బాల మధ్య పెడలూ దిగింది.
వీణని ఎవరి చేతికీ ఇవ్వను కనక
అదీ నేనూ మిగిలాం.

నేల మీద కూర్చుని
ఊరికే ఒకసారి మీటాను.

గది పలికింది.

తొమ్మిదేళ్ళు నోరు విప్పని గది.
మేకులు పీకిన చిల్లుల్లో తిరిగి,
కాలెండరు వేలాడినచోట తెల్లగా మిగిలిన గోడని తాకి,
కిటికీ ఊచల దగ్గర కాసేపు తటపటాయించి
అదే స్వరం
కాస్త వయసు పైబడి వెనక్కొచ్చింది.

గౌళ వాయించాను. రిషభం ఎవర్నీ గుద్దుకోలేదు.
కింద లారీవాడు హారన్ కొడితే
అదీ జాగ్రత్తగా తెచ్చి నాకప్పజెప్పింది గది.
గోడలు కొలవడానికి టేపుతో వచ్చిన నరహరిగారు
గుమ్మంలోనే నిలబడిపోయారు.
ఆఖర్న అడిగారు:
"రంగేసినా ఇలాగే మోగుతుందంటావా అమ్మా?"
ఏమోనండీ అన్నాను.
నెలద్దె మాత్రం కోసుకున్నారు.

ఉప్పల్ కొత్త ఫ్లాటులో
'రూము' దగ్గర పెట్టి, మూడు చెవులూ
వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ
ఆ ముందుగదిని వెతుకుతాను రాత్రుళ్ళు.
గోడలు దొరుకుతాయి. కప్పు దొరుకుతుంది.
కిటికీ ఊచలు ఏ చెవిలో దాక్కున్నాయో!

తెల్లారి చెత్త బండి వస్తుంది
తడి వేరు, పొడి వేరు అని పాడుకుంటూ.
రెండు బకెట్లూ ఖాళీ చేసి
మెట్లమీదే నిలబడతాను.
బండి సందు తిరిగిపోయాక కూడా
పాట ఇంకాస్త ఉంటుంది.